లైను మీద ఎవరో ఉన్నారు

మా మేనత్త నోట్లో నువ్వుగింజ నానుతుంది. నానడమే కాదు, నాని మొలకెత్తినా సరే, పెదవి దాటి బయటికి రాదు. మా చుట్టాల్లో ఎవరికి ఎవరి మీద అలక వచ్చినా, ఎవరి సంబంధం ఎందుకు తప్పిపోయినా, ముందు ఆవిడకే తెలుస్తుంది. చెప్పుకున్నది అక్కడితో ఆగిపోతుందని అందరికీ అంత ధైర్యం. ఆవిడ ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. అందుకని వరసకు పిన్ని అని పిలవాల్సినవాళ్ళు కూడా ఆవిణ్ణి ‘ఎక్స్ఛేంజి అత్తయ్య’ అనే అంటారు.

మీటలు నొక్కితే చాలు లైను కలిసే కాలం కాదది. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని, చిల్లుల బోర్డు ముందు కూర్చుని, ఈ తీగ తీసి ఆ చిల్లులో గుచ్చితే ఒక ఊరి మనిషి ఇంకో ఊరి మనిషితో మాట్లాడేవాడు. లైను కలిపాక కీ ఒకటి వెనక్కి నెట్టాలి. నెట్టకపోతే వాళ్ళ మాటలన్నీ ఆపరేటరు చెవిలో పడతాయి. కొందరు నెట్టేవాళ్ళు కాదు. అత్తయ్య వేలు మాత్రం అలవాటుగా దాని మీదికే పోయేది. ఒకసారి పైఅధికారి ఒకాయన, ఫలానా వ్యాపారి ఎవరితో ఏం మాట్లాడుతున్నాడో కాస్త చెవిన వేసుకోమని అడిగాడట. “నా చెవులు ఆఫీసువి సార్, మీవి కావు” అందట ఈవిడ. ఆయన ఆవిణ్ణి ఊరి చివరి చిన్న ఎక్స్ఛేంజికి మార్పించాడు. అత్తయ్య మారు మాట్లాడకుండా టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్ళిపోయింది. అక్కడే రిటైరయింది.

అలాంటి మనిషిని, కడుపున పుట్టిన కూతురే ఒకరోజు నిలబెట్టి, “నా మాటలు మోస్తున్నది నువ్వే కదూ!” అని అడిగింది.

ఆ కూతురు నాకు వదిన. ఇళ్ళ ప్లాన్లు గీసే పని ఆవిడది. పెళ్ళయి వేరే ఊళ్ళో ఉండేది. మొగుడు ఒక పెద్ద కంపెనీలో కంప్యూటర్ల విభాగం చూసేవాడు. పైకి చూస్తే వంక పెట్టడానికి లేదు. గొంతు పెంచడు, చెయ్యి ఎత్తడు. కానీ వదిన ఎక్కడికి వెళ్ళినా ఆరా, ఎవరితో మాట్లాడినా ఆరా, ఆలస్యమైతే సంజాయిషీ. చివరికి ఒకరోజు ఒంటిమీది బట్టలతో, చేతిసంచితో పుట్టింటికి వచ్చేసింది. తన ల్యాప్‌టాప్, పాత ఫోను అతని దగ్గరే ఉండిపోయాయి. ఇక్కడ కొత్త ఫోను కొనుక్కుంది కానీ, దరఖాస్తులకూ ఉత్తరాలకూ అత్తయ్య ఇంట్లో ముందుగదిలో ఉన్న కంప్యూటరే గతి అయింది. దాని మీద అత్తయ్య అప్పటిదాకా కరెంటు బిల్లులు కట్టడం, పేకాట ఆడటం తప్ప ఇంకేమీ ఎరగదు.

వదిన వచ్చిన కొన్నాళ్ళకే వింతలు మొదలయ్యాయి. ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో ఇంటర్వ్యూకి పిలుపొస్తే, తయారై వెళ్ళింది. రిసెప్షన్‌లో అమ్మాయి తెల్లబోయింది. “మీరే కదా మేడమ్, ఈ ఉద్యోగం మీద ఆసక్తి లేదని నిన్న మెయిల్ పెట్టారు?” వదిన ఏ మెయిలూ పెట్టలేదు. ఇంకోసారి, స్నేహితురాలి ఇంటికి వెళ్దామని బయల్దేరితే, ఆ వీధి మలుపులో మొగుడి కారు ఆగి ఉంది. వీటికి కాకతాళీయం అని సర్దిచెప్పుకుంది. మూడోదానికి మాత్రం సర్దిచెప్పుకోలేకపోయింది. అతను ఫోన్ చేసి, ఎంతో మెత్తగా, “ఏంటి, ఇప్పుడైనా ఊపిరి లెక్కపెట్టుకోకుండా పీలుస్తున్నావా?” అన్నాడు.

‘ఆయన పక్కన ఉంటే ఊపిరి కూడా లెక్కపెట్టి పీల్చాలి’ అన్న మాట వదిన స్నేహితురాలికి మెయిల్లో రాసింది. అదే మాట, అదే రోజు, వంటింట్లో కూరగాయలు తరుగుతూ తల్లితో కూడా అంది. స్నేహితురాలికి అతను ఫోన్ చేసినా ఎత్తదు. మిగిలింది తల్లి. పైగా అల్లుడు ఫోన్ చేస్తే అత్తయ్య మర్యాదగా నాలుగు ముక్కలు మాట్లాడేది. ‘ఆవేశంలో తెంచుకోకే’ అని మొదట్లో కూతురికి నచ్చచెప్పింది కూడా. వదిన లెక్క అలా తేలింది.

ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. వదిన ఫోను బల్ల మీద పడేసి తల్లి ముందుకు వచ్చింది.

“నన్ను మళ్ళీ ఆ ఇంటికి పంపించాలని నీకుంటే మొహం మీద చెప్పమ్మా. ఇలా చాటుగా ఆయన చెవిలో ఊదటం దేనికి?”

అత్తయ్య కూతురి మొహంలోకి చాలాసేపు చూసింది. నాకు భయమేసింది. ఆవిడ కోప్పడితే తట్టుకోవచ్చు. అలా చూస్తే తట్టుకోలేం.

“నేను చెప్పలేదు” అంది చివరికి.

“మరి ఎవరు చెప్పారు? ఈ గోడలు చెప్పాయా?”

“అదే తెలియాలి.”

వదిన విసురుగా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. నేనే అయితే ఏడుస్తూ కూర్చునేదాన్ని. అత్తయ్య ముందుగదిలో కుర్చీ లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇల్లంతా వింటున్నట్టు కూర్చుంది. నిజంగానే వింటోంది. ఫ్యాను ఆపమంది. ఆపాను. వంటింట్లో ఫ్రిజ్ ఒక్కసారి గురకపెట్టి ఊరుకుంది. అప్పుడు బయటపడింది ఆ చప్పుడు: కంప్యూటర్ పెట్టెలోంచి, సన్నగా, విడవకుండా, రొద. తెర నల్లగా ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకుని చాలాసేపయింది. పక్కనే గోడకున్న ఇంటర్నెట్ డబ్బా మీద పచ్చ దీపం టపటపా కొట్టుకుంటోంది.

“ఏమే, మనమెవరమూ దాంతో మాట్లాడటం లేదు కదా?”

“లేదత్తయ్యా.”

“మరి ఇది ఎవరితో మాట్లాడుతోంది?”

నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. ఆవిడ మొహంలో వేళాకోళం లేదు.

మర్నాడు అత్తయ్య నేను పనిచేసే లైబ్రరీకి వచ్చింది. ఊళ్ళోవాళ్ళు కూర్చుని చదువుకునే పెద్ద హాలు దాటి, పుస్తకాలకు నంబర్లు వేసే నా గది ఉంది. అక్కడ నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తనకు కావలసింది వెతికి పెట్టమంది. ఆ ఇంటి మిషను మీద మాత్రం దీని గురించి ఒక్క అక్షరం కొట్టొద్దంది. “దొంగ ఉన్నాడేమో అనుకున్న గదిలో నిలబడి దొంగని ఎలా పట్టాలని మాట్లాడుకుంటామా?”

వెతికాం. స్పైవేర్ అన్న మాట అప్పటిదాకా నాకు వార్తల్లో చదివిన మాట. మిషనులో కంటికి కనపడకుండా కూర్చుని, మనం నొక్కిన ప్రతి అక్షరాన్నీ, తెర మీది బొమ్మనీ మోసుకెళ్ళి పెట్టినవాడికి అందించే ప్రోగ్రామ్. నేను పైకి చదువుతుంటే అత్తయ్య వింటోంది. మిషను ఊరికే వేడెక్కడం, పని లేకపోయినా రొద పెట్టడం, వైరస్ రాకుండా కాపలా కాసే ప్రోగ్రామ్ తనంతట తాను ఆగిపోవడం, మనం పెట్టని మెయిళ్ళు మన పేరు మీద పోవడం. ఇవన్నీ గుర్తులేనట. అయితే రొద పెట్టిన ప్రతి మిషనూ దొంగది కాదనీ, అప్‌డేట్లు వచ్చేటప్పుడు కూడా దీపాలు అలాగే కొట్టుకుంటాయనీ ఆ వ్యాసంలోనే ఉంది. అదీ చదివాను.

“నిజమే. మాకూ అంతే. గరగర వచ్చిన ప్రతి లైనూ తెగిన లైను కాదు” అంది అత్తయ్య. “ఇంకేముంది అందులో?”

“‘ఈమధ్య మీ కంప్యూటరు ఎవరి చేతికైనా ఇచ్చారా?’ అని ఉంది.”

అత్తయ్య కళ్ళజోడు తీసింది. చీర చెంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకోలేదు.

“ఇచ్చాను.”

“ఎవరికి?”

“మీ వదిన వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం అల్లుడు వచ్చాడు. అతని మొహం చూడనని అది నీ దగ్గరికి వచ్చేసింది, గుర్తుందా? ఇంటికొచ్చిన అల్లుణ్ణి పొమ్మనలేను కదా, కాఫీ ఇచ్చాను. ఇది నత్తలా నడుస్తోందని మాటవరసకి అన్నాను. ‘మీరు కూర్చోండి అత్తయ్యగారూ, నేను బాగుచేస్తాగా’ అని పాస్‌వర్డ్ అడిగాడు. చెప్పాను. నేను పళ్ళు కోసి తెచ్చేలోపల పని అయిపోయిందన్నాడు. నిజంగానే కాస్త చురుగ్గా నడిచింది కూడా.”

“వదినకి చెప్పలేదా?”

“అతను వచ్చాడంటేనే దానికి ఒళ్ళు మంట. కంప్యూటర్ ముట్టుకున్నాడని కూడా చెప్పి పుండు మీద కారం చల్లడం దేనికని ఊరుకున్నాను.” కళ్ళజోడు బల్ల మీద పెట్టి, “ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనే తలుపు తీసి, కుర్చీ వేసి, పళ్ళు కోసి పెట్టానే!” అంది.

అక్కడితో నేను వదినకి ఫోన్ చేద్దామన్నాను. అత్తయ్య ఆపింది. అనుమానం చెప్తే మళ్ళీ మాట మీద మాట వస్తుంది. రుజువు చూపిస్తే మాట అక్కర్లేదంది. లైను ఎక్కడ చెడిందో తెలియాలంటే ఎక్స్ఛేంజిలో ఏం చేసేవాళ్ళో చెప్పింది. మొత్తం తీగని ఒకేసారి అనుమానించరు. ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలోనూ వేరే సంకేతం పంపి, ఏది ఎక్కడ తేలుతుందో చూస్తారు.

అదే చేసింది. వదిన స్నానానికి వెళ్ళినప్పుడు ముందుగదిలో ఖాళీ కుర్చీ వైపు తిరిగి, “అమ్మాయి బుధవారం పంటి డాక్టరు దగ్గరికి వెళ్తుంది” అని గట్టిగా అంది. తన ఫోనులోంచి నాకు ఫోన్ చేసి, గురువారం సాయంత్రం వదిన పార్కులో ఎవర్నో కలుస్తుందని చెప్పింది. మూడోది కంప్యూటర్‌లో. ఒంటివేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ‘శనివారం పొద్దున్న మొదటి బస్సుకి నేను నీ దగ్గరికి వచ్చేస్తున్నాను, ఎవరికీ తెలియనివ్వకు’ అని వదిన వేరే ఊళ్ళో స్నేహితురాలికెవరికో రాసినట్టే టైపు చేసింది. ఎవరికీ పంపలేదు. రాసినదంతా చెరిపేసి పేకాట తెరిచింది. ఆ వాక్యం ఈ లోకంలో ఆ మీటల మీద తప్ప ఇంకెక్కడా లేదు.

బుధవారం పంటి డాక్టరు వీధిలో నేను అటూ ఇటూ తిరిగాను. తెలిసిన మొహం లేదు. గురువారం పార్కులో పిల్లలు, ముసలివాళ్ళు, ఒక కుక్క. అంతే. శనివారం పొద్దున్న అత్తయ్యా నేనూ బస్టాండులో టీ కొట్టు వెనక బెంచీ మీద కూర్చున్నాం. నా టీ గ్లాసులోనే చల్లారిపోయింది. అత్తయ్య మాత్రం సాసర్లో పోసుకుని ఊదుకుని తాగుతోంది. మొదటి బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. స్తంభం పక్కన, టోపీ కళ్ళ మీదికి లాక్కుని, ఎక్కేవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

మా అల్లుడుగారు. అంత పొద్దున్నే, అంత దూరం నుంచి.

నేను లేవబోయాను. అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. నేను విదిలించుకోబోయినా పట్టు వదల్లేదు.

“ఫొటో తియ్యి. మనిషీ, బస్సూ, గోడ మీది గడియారం, అన్నీ పడాలి.”

తీశాను.

“నాలుగు కడిగి వస్తానత్తయ్యా.”

“కడిగితే ఇంటికెళ్ళగానే అంతా చెరిపేస్తాడు. మన చేతిలో ఏం మిగులుతుంది? కూర్చో.”

బస్సు కదిలిపోయింది. అతను వాచీ చూసుకున్నాడు, ఫోను చూసుకున్నాడు, చుట్టూ ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు. జీవితంలో నాకు నోరు మూసుకోవడం అంత కష్టమైన పని ఎప్పుడూ కాలేదు. పక్కన కూర్చున్న మనిషికి అది వృత్తి.

ఇంటికి వెళ్ళి వదినని పెరట్లోకి, కంప్యూటర్‌కి దూరంగా పిలిచి, ఫొటో చూపించి, జరిగినదంతా అరటిపండు ఒలిచినట్టు చెప్పాం. వదిన ఫొటో పెద్దది చేసి మొహం చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది.

“నేను నిన్ను...” అని ఆగిపోయింది.

“అన్నావులే. నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని” అంది అత్తయ్య. “అతనికి మిషను పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే. ఇద్దరం చెరో తప్పూ పంచుకుందాం. ఏడుపు తర్వాత, పని ముందు.”

వదిన ఏడ్చేసింది కూడా, నవ్వింది కూడా. ఏది ముందో చెప్పలేను.

మా బజారులో కంప్యూటర్లు బాగుచేసే ఆవిడ ఉంది. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకున్నట్టు స్క్రూడ్రైవరు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి అందరూ ‘స్క్రూడ్రైవరక్క’ అంటారు. వదినా అత్తయ్యా వెళ్ళి విషయం చెప్పారు. సామాను సంచీ భుజాన వేసుకుని, గ్యాస్ స్టవ్ రిపేరుకి వచ్చినట్టు ఇంటికొచ్చింది. కంప్యూటర్ దగ్గర కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. అవీ ఇవీ తెరిచి చూసింది. తన ఫోనుతో తెరని ఫొటోలు తీసుకుంది. తర్వాత మమ్మల్ని పెరట్లోకి తీసుకెళ్ళింది.

“మీకు ప్రింటర్ ఉందా అమ్మా?”

“లేదు.”

“ప్రింటర్ నడిపే ప్రోగ్రామని పేరు పెట్టుకుని ఒకటి నడుస్తోంది లోపల. మిషను వేసినప్పుడల్లా అదీ లేస్తుంది. వైరస్ కాపలా ప్రోగ్రామ్‌కి, ‘దీని జోలికి పోకు’ అని ముందే చెప్పిపెట్టారు. మీకు తెలియని ఇంకో ఖాతా కూడా ఉంది, దానికి సర్వాధికారాలూ ఉన్నాయి. ఇంటి తాళానికి మారు తాళంచెవి చేయించుకున్నట్టు.”

“ఇప్పుడే పీకేస్తావా?” అంది వదిన.

“పీకితే అవతల ఆయనకి వెంటనే తెలిసిపోతుంది. మీకు సాక్ష్యం పోతుంది. ముందు లాయరు దగ్గరికి వెళ్ళండి, పోలీసులకి చెప్పండి. ఆ తర్వాత డిస్కు ఉన్నది ఉన్నట్టు తీసి వాళ్ళకివ్వచ్చు. అప్పటిదాకా ఈ మిషను మీద మామూలుగా ఉండండి. ముఖ్యమైనది మాత్రం ఏదీ కొట్టకండి.”

అలా ఆ ఇంట్లో కొన్నాళ్ళు నాటకం నడిచింది. ఆ నాటకంలో నాకు బాగా నచ్చిన పాత్ర వదినది. రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని స్నేహితురాలికి పేజీలకు పేజీలు ఉత్తరాలు రాసేది. తెల్ల బట్టల మీద సిరా మరకలు ఎలా పోగొట్టాలి, తుప్పు మరకలకు నిమ్మకాయ మంచిదా ఉప్పు మంచిదా, అమ్మ మోకాలి నొప్పి ఎడమదా కుడిదా. అక్కడ కూర్చుని ప్రతి అక్షరమూ చదువుకుంటున్నవాణ్ణి తలుచుకుని వాళ్ళిద్దరూ పెరట్లోకి వెళ్ళి పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. “ఈపాటికి ఆయనకి మరకల మీద డాక్టరేట్ వచ్చుంటుంది” అనేది అత్తయ్య. తల్లీకూతుళ్ళు అలా కలిసి నవ్వగా చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

లాయరమ్మ ఫిర్యాదు రాయించింది. సైబర్ పోలీసులు వచ్చి డిస్కు తీసుకెళ్ళారు. ఆ ప్రోగ్రామ్ రిపోర్టులన్నీ అతని మెయిల్ చిరునామాకే పంపుతోందని వాళ్ళ పరీక్షలో బయటపడింది. ఉద్యోగం వద్దని వదిన పేరుతో వెళ్ళిన మెయిలు కూడా అతని దగ్గరే పుట్టిందని తేలింది. కోర్టుకి పోయే ముందు ఒకసారి మాట్లాడదామని అల్లుడి తరఫు వాళ్ళు కబురు పెడితే, లాయరమ్మ ఆఫీసులోనే కూర్చున్నారు. వదిన తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంది.

అతను అదే మెత్తటి గొంతుతో మొదలుపెట్టాడు. తను ఎప్పుడూ ఏ తప్పూ చేయలేదన్నాడు. వదిన మనసు బాగాలేదనీ, లేనిపోనివి ఊహించుకుంటోందనీ, ఎవరో కంప్యూటర్‌లో ఏదో పెడితే తనకేం సంబంధమనీ అన్నాడు. లాయరమ్మ బస్టాండు ఫొటో బల్ల మీద పెట్టి, దాని పక్కన ఆ చిరునామా ఉన్న కాగితం పెట్టింది.

అతని మొహంలో రంగు మారింది. అయినా తగ్గలేదు. “భార్య క్షేమం చూసుకోవడం కూడా నేరమేనా? ఎక్కడుందో, ఏమైందో అని నాకు ఆందోళన ఉండదా?”

వదిన ఏదో అనబోయింది. అంతలో అత్తయ్య అందుకుంది. గొంతు పెంచలేదు.

“క్షేమం అడిగి తెలుసుకుంటారు బాబూ. తలుపు సందులోంచి చూసి కాదు. నేను ఊరందరి మాటల మధ్యా కూర్చుని బతికాను. వినాలంటే కీ నెట్టకుండా ఊరుకుంటే చాలు. ప్రతిసారీ నెట్టాను. అది గొప్ప అని కాదు, మనిషన్నవాడు చేసేది అదే అని. మీరు నా ఇంట్లో కూర్చుని, నా చేతి పళ్ళు తిని, నా కూతురి గొంతు మీద కాలు పెట్టారు. పైగా ఆ నింద నా మీద పడేలా చేశారు. ఆ ఒక్కటి మాత్రం నేను క్షమించలేను.”

అతని తరఫు లాయరు కాగితాలు సర్దుకుంటూ తల వంచుకున్నాడు. అతను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఆ తర్వాత కోర్టు అతన్ని వదిన దరిదాపులకు రావద్దనీ, ఏ విధంగానూ సంప్రదించొద్దనీ ఆదేశించింది. విడాకులూ వచ్చాయి. పోలీసు కేసు దాని దారిన అది నడుస్తోంది.

ఇంట్లో కంప్యూటర్‌కి కొత్త డిస్కు వచ్చింది. పాతది పోలీసుల దగ్గర్నుంచి వచ్చాక శుభ్రం చేసి వాడదామా అంటే స్క్రూడ్రైవరక్క ఒప్పుకోలేదు. ఇలాంటివి కొన్ని వెతికినా దొరకవనీ, దొరికినదే మొత్తమని నమ్మలేమనీ, మొదటినుంచీ మళ్ళీ కట్టుకోవడమే మేలనీ అంది. పాస్‌వర్డులన్నీ వదిన తన కొత్త ఫోనులోంచి మార్చుకుంది. “లైబ్రరీ కంప్యూటర్‌లో మార్చుకోకండి, పదిమంది చేతులు పడేది” అని కూడా అక్క చెప్పింది. నాకు కాస్త చివుక్కుమంది కానీ నిజమే. ఇక రోజువారీ పనులకు సాదా ఖాతా ఒకటి, కొత్తవి ఎక్కించడానికి అధికారం ఉన్న ఖాతా వేరే. దాని పాస్‌వర్డ్ అత్తయ్య ఎవరికీ చెప్పదు. నాకూ చెప్పదు. మెయిలు తెరవాలంటే ఫోనుకి వచ్చే అంకె కూడా కొట్టాలి. అప్‌డేట్ వస్తే ‘తర్వాత చూద్దాం’ అనే పాత అలవాటు పోయింది. అన్నిటికంటే తమాషా, పాస్‌వర్డ్ మరిచిపోతే అడిగే ప్రశ్నలు. మీ అమ్మ పుట్టింటి పేరేమిటి, మీరు చదివిన బడి ఏది అని. అవన్నీ అల్లుళ్ళకు కంఠతా వచ్చే సంగతులే కదా. అందుకని అత్తయ్య అన్నిటికీ అబద్ధపు జవాబులు పెట్టింది. “నేను అబద్ధాలాడటం ఇదే మొదలు. హాయిగానే ఉంది” అంది.

వదిన మళ్ళీ అదే ఆర్కిటెక్టు ఆఫీసుకి వెళ్ళింది. జరిగినది దాచకుండా చెప్పింది. వాళ్ళు ఇంటర్వ్యూ చేసి తీసుకున్నారు. ఆవిడ గీసిన మొదటి పెద్ద ప్లాను ఒక వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్‌ది. దాన్ని తెచ్చి తల్లికి బల్ల మీద పరిచి చూపించింది. అత్తయ్యకు ప్లాన్లు అర్థం కావు. అయినా ప్రతి గది తలుపూ ఎటు తెరుచుకుంటుందో, గడియ ఎటువైపు ఉంటుందో అడిగి తెలుసుకుంది.

తర్వాత జరిగింది నా ఆలోచన కాదు, నలుగురికీ చెప్పాలని వదినే పట్టుబట్టింది. ఇలాంటిది ఎంతమంది ఇళ్ళలో ఉందో, వాళ్ళు ఎంతమందిని అనుమానిస్తున్నారో అని. మా లైబ్రరీ హాల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం కుర్చీలు వేశాం. స్క్రూడ్రైవరక్క మిషను తెరిచి చూపిస్తుంది, అత్తయ్య మాట్లాడుతుంది. నలుగురైదుగురు వస్తారనుకున్నాం. గోడల పక్కన కూడా నిలబడ్డారు. ఆడవాళ్ళే కాదు, కొట్టు నడుపుకునే ముసలాయన ఒకరు, పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాళ్ళు కూడా. అత్తయ్య మొదట్లో కాస్త తడబడింది. కొంగు సర్దుకుంది, నీళ్ళు తాగింది. అప్పుడు వదిన ముందు వరసలోంచి లేచి జనం వైపు తిరిగింది.

“ఈవిడ మా అమ్మ” అంది. “నేనొకసారి ఈవిణ్ణి నమ్మలేదు. నా మీద నిఘా పెట్టినవాణ్ణి పట్టుకున్నది ఈవిడే. అప్పటికి ఈవిడకి కంప్యూటర్‌లో పేకాట తప్ప ఏమీ రాదు. మీకు ఇంతకంటే ఎక్కువే వచ్చుంటుంది. కాబట్టి భయపడకండి.”

జనం నవ్వారు. అత్తయ్య కూతురి వైపు చూసిన చూపు నేను గోడ పక్కనుంచి చూశాను. మా చుట్టాల్లో డాక్టర్లున్నారు, పెద్ద ఆఫీసర్లున్నారు. వాళ్ళ ఫొటోలు పేపర్లలో పడ్డప్పుడు మేమందరం మురిసిపోయాం. ఆ రోజు నాకు కలిగిన గర్వం ముందు అవన్నీ దిగదుడుపే.

అత్తయ్య చెప్పింది. తెలియని మెయిల్లో వచ్చిన లంకె నొక్కొద్దని, ఊరికే వస్తుంది కదా అని ప్రతి ప్రోగ్రామూ ఎక్కించొద్దని, కెమెరా కన్ను వాడనప్పుడు మూసి ఉంచమని. అన్నీ కూరగాయలు ఏరినట్టు తేలిక మాటల్లో. ఆపైన, “పరాయివాడికి భయపడి తాళం వేస్తాం, ఇంట్లోవాడికి మొహమాటపడి తాళంచెవి ఇస్తాం. మొహమాటం మంచిదే, తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉండాలి” అంది. కొట్టు ముసలాయన లేచి, “మా వాడు అన్ని పాస్‌వర్డులూ అడుగుతాడమ్మా, కొడుకు కదా, ఎలా కాదనను?” అన్నాడు. “అప్పుడప్పుడు మరిచిపోతూ ఉండండి. మన వయసులో ఎవరూ అనుమానించరు” అంది అత్తయ్య. హాలు హాలంతా గొల్లుమంది.

అప్పటినుంచీ నెలకోసారి ఆ కుర్చీలు వేస్తూనే ఉన్నాం. మధ్యలో మనుషులు ఇంటికే వచ్చేస్తారు. మొన్న నేను అక్కడ ఉండగా ఒకావిడ గుమ్మంలో నిలబడింది. చంకలో సంచీ, సంచీలో ల్యాప్‌టాప్. లోపలికి రావాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ చూస్తోంది. నేను మాట్లాడబోయాను. అత్తయ్య వేలితో వద్దని సైగ చేసింది. తనే లేచి వెళ్ళి, ఆవిడ చేతిలోంచి ఫోనూ సంచీ అందుకుని ముందుగదిలో బల్ల మీద పెట్టి తలుపు దగ్గరగా వేసింది. భుజం మీద చెయ్యి వేసి పెరట్లోకి నడిపించుకు వెళ్ళి, తీగ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య రెండు కుర్చీలు వేసింది.

“ఇప్పుడు చెప్పమ్మా” అంది. “తొందరేం లేదు.”